పెద్దక్క కార్బురేటర్

"ష్!"

వర్క్‌షాపులోకి అడుగుపెట్టగానే అతనికి వినపడిన మొదటి మాట అది. అన్నదెవరో వెంటనే కనపడలేదు. బానెట్ ఎత్తిన ఒక వ్యాను, దాని మీదకి వంగిన నీలం ఓవరాల్, ఆ ఓవరాల్ మీద ఒక పొడుగు జడ. అంతవరకే కనపడింది.

"ఏవండీ, ఇక్కడ మెకానిక్..."

"ష్ అన్నానా!"

అమ్మాయే. చేతిలో మూరెడు రబ్బరు గొట్టం ఉంది. ఒక కొస చెవికి ఆనించుకుంది, రెండో కొస ఇంజన్ మీద ఎక్కడో పెట్టింది. కళ్ళు మూసుకుని వింటోంది. స్క్రూడ్రైవర్‌తో ఏదో మరని పావు చుట్టు తిప్పింది. మళ్ళీ వింది. అప్పటిదాకా దగ్గుతున్న ఇంజన్ కాస్తా బుద్ధిగా ఒకే శ్రుతిలోకి వచ్చింది.

"ఆ, ఇప్పుడు చెప్పండి" అంది గొట్టాన్ని మెడలో వేసుకుంటూ.

అతనికి చెప్పబుద్ధి కాలేదు. అనుమానం వచ్చింది. చెవిలో గొట్టం పెట్టుకుని బండి బాగుచెయ్యడమేమిటి? గుమ్మంలో మనిషి నీడ చూసి నాటకం మొదలుపెట్టలేదు కదా?

అతనికి అనుమానం రావడంలో వింతేమీ లేదు. రాకపోతేనే వింత. ఇన్సూరెన్స్ కంపెనీలో, దెబ్బతిన్న బళ్ళని పరీక్షించి క్లెయిము నిజమో కాదో తేల్చే ఉద్యోగం అతనిది. "కుక్క అడ్డొచ్చింది సార్" అని ఎవరైనా అంటే ఆ కుక్క ఏ రంగు, ఎటునుంచి ఎటు పరిగెత్తింది, ఇప్పుడెక్కడుంది అని అడిగే రకం. ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెడతాడు. ఆఫీసులో అందరూ వెనకాల అతన్ని భూతద్దం అంటారు. ఆ సంగతి అతనికి తెలియదని వాళ్ళ నమ్మకం. అతనికి తెలుసు. ఆ పేరు ఎవరు పెట్టారన్న దాని మీద ముగ్గురి పైన అనుమానం కూడా ఉంది.

"వీడు మా అబ్బాయమ్మా. వీడి మాటలు పట్టించుకోకు" అంటూ వెనకనుంచి అమ్మ వచ్చింది. "బయట ఉన్నది మా పెద్దక్క. దాని కోసం వచ్చాం."

మెకానిక్ బయటికి తొంగిచూసింది. గుమ్మం ముందు ఆకుపచ్చ రంగు పాతకాలం కారు ఒకటి, గుండ్రటి దీపాలతో, అమాయకంగా నిలబడి ఉంది. మనిషెవరూ లేరు.

"వీడికన్నా ముందే మా ఇంటికొచ్చింది. అందుకని పెద్దక్క" అంది అమ్మ.

మెకానిక్ నవ్వింది. ఆ నవ్వు బాగుందని భూతద్దం గమనించాడు. బాగుండే నవ్వులున్నవాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలని వెంటనే గుర్తుచేసుకున్నాడు.

అమ్మ ముప్పై ఏళ్ళు భూగోళం పాఠాలు చెప్పి రిటైరైంది. దేశపటం కింది అంచున, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ముక్కు మీద ఒక లైట్‌హౌస్ ఉంటుంది. ఏటేటా ఒక్కో క్లాసు పిల్లలకి బెత్తం పెట్టి చూపించింది గాని, ఎప్పుడూ వెళ్ళలేదు. నాన్న ఉన్నన్నాళ్ళూ ఈ కారు ఆయనే నడిపేవాడు. అమ్మ పక్క సీట్లో మ్యాపు పరుచుకుని దారి చెప్పేది. నాన్న పోయాక తొమ్మిదేళ్ళు పెద్దక్క షెడ్డులో గుడ్డ కప్పుకుని పడుకుంది. మొన్న ఒకరోజు పొద్దున్నే అమ్మ ఆ గుడ్డ తీసి మడతపెట్టింది.

"దేశం కొసనున్న లైట్‌హౌస్ దాకా పదకొండు వందల కిలోమీటర్లమ్మా" అంది ఇప్పుడు మెకానిక్‌తో. "నేనే నడుపుతాను. ఒక్కదాన్నే."

ఆ మాట విన్నవాళ్ళందరూ ఇంతవరకు నవ్వారు. ఈ అమ్మాయి నవ్వలేదు.

"ఏ దారి టీచరుగారూ?"

"కొండ దారి. వచ్చే నెలలో."

"అంటే మధ్యాహ్నం ఎండలో కొండ ఎక్కుతారన్నమాట." మెకానిక్ చేతులు తుడుచుకుంటూ ఆలోచించింది.

"మీకన్నా ముందు ఇద్దరికి చూపించాం" అన్నాడు భూతద్దం, సాక్షిని ప్రశ్నించే గొంతుతో. "పెద్ద గ్యారేజీవాళ్ళు కార్బురేటర్ పీకేసి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ కిట్ పెట్టమన్నారు. పెట్రోలు ఎంత వెళ్ళాలో కంప్యూటరే చూసుకుంటుందట. రెండో ఆయన ఏదీ కదపొద్దు, అదృష్టాన్ని నమ్ముకోండి అన్నాడు. మీరేమంటారు?"

"నేను బండిని చూడకుండా ఏమీ అనను."

ముప్పావు గంట చూసింది. ట్యాంకు మూత తీసి వాసన చూసింది. కారు కింద దూరి పెట్రోలు గొట్టాలని వేళ్ళతో నొక్కుకుంటూ చివరిదాకా పాకింది. బయటికొచ్చేసరికి ముక్కు మీద నల్లటి మరక. చెప్పాలా వద్దా అని అతను తర్జనభర్జన పడి, చెప్పలేదు.

"మీ దృష్టిలో నమ్మకమైన బండి అంటే ఏమిటి సార్?" అని అడిగింది.

"ఎక్కడా ఆగకూడదు."

"అలాంటి బండి మీకెక్కడైనా కనపడితే చెప్పండి, నేనూ ఒకటి కొనుక్కుంటాను." ఆమె బానెట్ మీద చెయ్యి వేసింది. "ఏ బండైనా ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. ఆగితే టీచరుగారు ఏం చెయ్యగలరు అన్నది చూసుకోవాలి. ఇంజెక్షన్ మంచిదే. రోజూ ఊళ్ళో తిరిగే బండైతే నేనే పెట్టించుకోమంటాను. కానీ దానికి కరెంటు దండిగా కావాలి. మీ డైనమో హెడ్‌లైట్లు వెలిగించడానికే ఆపసోపాలు పడుతోంది. కొండ మీద ఒక సెన్సార్ పోయిందనుకోండి, ల్యాప్‌టాప్ పట్టుకుని ఎవరొస్తారు? కార్బురేటర్‌కి అయితే ఒక స్క్రూడ్రైవర్, ఒక తడిగుడ్డ, కాస్త ఓపిక చాలు."

"అయితే ఏమీ మార్చక్కర్లేదా?"

"ఎందుకక్కర్లేదు? ట్యాంకు నిండా తుప్పు. దాన్ని కడగాలి. ఇప్పటి పెట్రోలు పాత రబ్బరుని తినేస్తుంది, గొట్టాలన్నీ కొత్తవి వెయ్యాలి. ఒక గొట్టం సైలెన్సర్ పక్కనుంచే వెళ్తోంది. ఆ వేడికి పెట్రోలు లోపలే ఆవిరైపోతుంది, ఇంజన్‌కి అందదు. దాన్ని దూరంగా తిప్పాలి. కార్బురేటర్ పూర్తిగా విప్పి కడిగి, దాని కింద వేడి ఎక్కకుండా ఒక దళసరి దిమ్మ పెడతాను. ఇంజన్‌కి ఉన్న పాత పంపు అలాగే ఉంటుంది. ట్యాంకు దగ్గర చిన్న ఎలక్ట్రిక్ పంపు ఒకటి తోడు పెట్టి, స్విచ్ డాష్‌బోర్డ్ మీద ఇస్తాను. ఒకటి అలిగితే రెండోది పలుకుతుంది."

"అంతేనా?"

"అంతే."

అతని అనుమానం పదింతలైంది. తక్కువ పని చెప్పే మెకానిక్‌ని ఉద్యోగంలో చేరినప్పటినుంచి అతను ఒక్కరిని కూడా చూడలేదు. దీని వెనక ఏదో ఉంది.

"నాకు నచ్చింది. ఇక్కడే చేయిద్దాం" అంది అమ్మ.

ఆ సాయంత్రం, కారు అప్పగించే ముందు, అతను ఇంటి దగ్గర షెడ్డులో తలుపు వేసుకుని ఒక పని చేశాడు. ఆఫీసు బ్యాగులోంచి పసుపు పెయింటు పెన్ను తీశాడు. పాడైన పార్టుల మీద చుక్క పెట్టడం అతని వృత్తిలో మామూలే. లేకపోతే అదే విరిగిన బంపరు ఇంకో బండి పేరు చెప్పుకుని మళ్ళీ వచ్చేస్తుంది. కార్బురేటర్ అడుగున ఒక చుక్క. పంపు వెనక ఒక చుక్క. మొత్తం పదకొండు చుక్కలు, ఎవరి కంటా పడని చోట్లలో పెట్టి, పుస్తకంలో బొమ్మ గీసుకున్నాడు. ఈ కారు పార్టులు ఇప్పుడు దొరకవు. అసలుది తీసుకుని నకిలీ బిగించి పంపితే, ఆ నకిలీని నమ్ముకుని కొండ మీదకి వెళ్ళేది అమ్మ. 

ఆ తర్వాత రోజూ ఏదో ఒక వంకతో వర్క్‌షాపుకి వెళ్ళేవాడు.

"అమ్మ కళ్ళజోడు కార్లో ఉండిపోయిందేమో చూద్దామని."

"టీచరుగారి కళ్ళజోడు టీచరుగారి ముక్కు మీదే ఉంది. పొద్దున ఫోన్‌లో వీడియో కాల్ చేశారు."

మర్నాడు, "ఇటుగా వెళ్తూ వచ్చాను" అన్నాడు.

"ఇటు వెళ్తే గోడ తప్ప ఏమీ రాదు. ఇది సందు చివర." ఆమె స్పానర్ కింద పెట్టి అతని వైపు తేరిపార చూసింది. "నిజం చెప్పండి. పెద్ద గ్యారేజీవాళ్ళు పంపారా మిమ్మల్ని?"

"నన్నా?"

"మరి? వస్తారు, స్టూలు వేసుకుని కూర్చుంటారు, నా చేతులకేసే చూస్తారు. నా దగ్గర పని దొంగిలించడానికి కాకపోతే ఎందుకు?"

అతను తెల్లబోయాడు. ఇన్నేళ్ళలో తనని అనుమానించిన మనిషి ఈమే మొదటిది. కోపం రావాల్సింది పోయి, ఎందుకో సంతోషంగా అనిపించింది. ఆ సంతోషం మీద కూడా అతనికి అనుమానం వచ్చింది.

ఒకరోజు వాన పట్టుకుంది. రేకుల కప్పు మీద చినుకులు దడదడలాడాయి. సందులో నీళ్ళు చేరాయి. స్టూలు ఒక్కటే ఉంటే ఇద్దరూ రెండు పాత టైర్ల మీద కూర్చుని టీ తాగారు.

"మీకు అన్నీ అనుమానాలేనా? నమ్మేది ఏదైనా ఉందా?" అని అడిగింది.

"ఉంది. మా అమ్మ."

ఆమె ఏదో అనబోయి ఆగిపోయింది. టీ గ్లాసులోకి చూస్తూ పెదవి కొరుక్కుంది. భూతద్దం కంట అది పడనే పడింది. ఎందుకు ఆగింది? ఏం దాచింది? ఇంటికెళ్ళాక కూడా అదే ఆలోచన. కాకపోతే ఆ ఆలోచనలో పెదవి కొరుక్కున్న భాగమే ఎక్కువసార్లు గుర్తుకొచ్చింది.

ఇక రెండో అనుమానం ఇంట్లోనే మొదలైంది. అమ్మ రోజూ పది గంటలకి లైబ్రరీకని వెళ్ళి భోజనం వేళకి వస్తోంది. ఏ పుస్తకం చదివావంటే "నదులు" అంటుంది. మర్నాడూ నదులే. అతను వర్క్‌షాపు సంగతి ఎత్తగానే మాట మారుస్తుంది. ఒకసారి మెకానిక్ ఫోన్ చేస్తే అమ్మ బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడింది. ఈ అమ్మాయి అమ్మని ఏదో మాయలో పడేస్తోంది. అతనికి ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

శనివారం పదకొండింటికి చెప్పాపెట్టకుండా వర్క్‌షాపుకి వెళ్ళాడు. ముందు షెడ్డులో ఎవరూ లేరు. పెద్దక్క బానెట్ ఎత్తి ఉంది. చిన్న టార్చి, చిన్న అద్దం తీసి పని మొదలుపెట్టాడు. పుస్తకం తెరిచాడు. డైనమో మీద చుక్క ఉంది. స్టార్టర్ మీద ఉంది. కార్బురేటర్ అడుగున లేదు. పంపు వెనక లేదు.

మళ్ళీ చూశాడు. లేవు. వస్తువులు తళతళా మెరుస్తున్నాయి, కొత్తవాటిలాగా.

 ఉద్యోగంలో మోసం బయటపడిన ప్రతిసారీ ఒక చిన్న గెలుపు అనిపించేది. ఇప్పుడు అది ఏ కోశానా లేదు. తను తప్పని తేలితే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకున్నాడు.

"ఏం చూస్తున్నారు?" వెనక గదిలోంచి మెకానిక్ వచ్చింది.

"ఈ కార్బురేటర్ ఎవరిది?"

"టీచరుగారిది."

"కాదు. మా కార్బురేటర్ అడుగున పసుపు చుక్క ఉంది. పంపు మీద కూడా. నేనే పెట్టాను. తేదీతో సహా రాసుకున్నాను." పుస్తకం చూపించాడు. "అసలువి ఎక్కడ దాచారో చెప్పండి."

ఆమె ఆ పుస్తకం అందుకుంది. పదకొండు చుక్కల బొమ్మని పైనుంచి కిందికి చూసింది. ముఖంలో రంగు మారింది గాని గొంతు పెంచలేదు.

"ఆ పెన్ను ఉందా మీ దగ్గర?"

ఇచ్చాడు. ఆమె బల్ల మీది స్పానర్ తీసి, దాని మీద దిట్టంగా ఒక చుక్క పెట్టి, ఆరేదాకా ఊదింది. మూలనున్న డబ్బా మూత తీసింది. ఘాటైన వాసన గుప్పుమంది. స్పానర్‌ని అందులో ముంచింది. ఇద్దరూ నిలబడ్డారు.  కాసేపటికి బయటికి తీసి గుడ్డతో ఒక్క తుడుపు తుడిచింది.

చుక్క లేదు.

"కార్బురేటర్‌ని ఈ మందులో ఒక రోజంతా నానబెడతాం. పంపు విప్పినా అంతే. ఏళ్ళ తరబడి పట్టిన జిడ్డే వదిలిపోతుంది, మీ చుక్క ఎంత?" స్పానర్‌ని అతని చేతిలో పెట్టింది. "ఇప్పుడు చెప్పండి సార్. ఇది వేరే స్పానరా?"

అతను స్పానర్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆ దొంగతనం చేసింది నేనేరా" అన్న గొంతు వినపడింది.

వెనక గది గుమ్మంలో అమ్మ. ఒంటి మీద రెండు సైజులు పెద్దదైన ఓవరాల్, చేతులు మోచేతుల దాకా నలుపు, కళ్ళజోడు మీద కూడా ఒక వేలిముద్ర.

"ఆ కార్బురేటర్ విప్పింది నేను. కడిగింది నేను. మూడుసార్లు బిగించి మూడుసార్లు మళ్ళీ విప్పింది నేను. ఈ పిల్ల పక్కన కూర్చుని నేర్పించింది. దారిలో ఆగితే చూసుకోవాల్సింది నేనే కదా. నీకు చెబితే నా చేతులు పట్టుకుని ఆపుతావని, చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను." అమ్మ కళ్ళజోడు తీసి ఓవరాల్ అంచుతో తుడిచింది. "నా పనికి చుక్కలు పెట్టి లెక్కచూస్తావట్రా?"

క్లెయిము దొంగదని తేలినవాళ్ళు అతని ఎదుట ఎలా తలదించుకుంటారో అతనికి బాగా తెలుసు. తను కూడా అచ్చం అలాగే దించాడు.

"సారీ అండీ. నేను..."

"బండి సోమవారానికి సిద్ధం" అంది మెకానిక్. "టీచరుగారు ఎప్పుడు కావాలంటే అప్పుడు రావచ్చు. మీరు మాత్రం రాకండి."

అతను రాలేదు. ఉత్తరం రాద్దామని కూర్చున్నాడు. "విషయం: ది. శనివారం జరిగిన సంఘటన గురించి" అని మొదలైంది. చింపేశాడు. రెండోది కాస్త నయం. అందులో "తమరు" అని ఉంది. అదీ చింపేశాడు. పదిహేను రోజులు అలాగే గడిచాయి. ఆఫీసులో ఒకడు కుక్క అడ్డొచ్చింది సార్ అంటే, సరే పొమ్మన్నాడు. భూతద్దానికి జ్వరమొచ్చిందని అందరూ అనుకున్నారు.

అమ్మ ప్రయాణం రోజు రానే వచ్చింది. తెల్లవారి ఆరింటికి పెద్దక్క గేటు దాటింది.

"నువ్వు బుద్ధిగా ఆఫీసుకి వెళ్ళు. గంటకోసారి ఫోన్ చేశావంటే ఎత్తను" అంది అమ్మ.

"అలాగేనమ్మా" అన్నాడు. అమ్మ సందు తిరగ్గానే తన తెల్లకారు బయటికి తీశాడు. సెలవు చీటీ ముందురోజే ఇచ్చేశాడు.

అర కిలోమీటరు దూరం పెట్టుకుని వెంట వెళ్ళాడు. పెద్దక్క హాయిగా పోతోంది. వంద కిలోమీటర్లు. నూట యాభై. అప్పుడు అతని కన్ను అద్దం మీద పడింది. వెనక ఒక బూడిద రంగు వ్యాను. ఊరు దాటినప్పటినుంచి అదే వ్యాను. అతను నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తోంది.

అమ్మ ఒక పెట్రోలు బంకులో ఆగింది. అతను రోడ్డు పక్క చెట్టు చాటున ఆపాడు. వ్యాను ఇంకో చెట్టు చాటున ఆగింది. అతను దిగి, నేరుగా దాని దగ్గరికి వెళ్ళి అద్దం మీద కొట్టాడు.

అద్దం దిగింది. జడ, నీలం ఓవరాల్, మెడలో రబ్బరు గొట్టం.

"మీరా! నన్నెందుకు వెంబడిస్తున్నారు?"

"మిమ్మల్నెవరు వెంబడించారు? నేను నా కార్బురేటర్ వెనకాల వస్తున్నాను" అంది, ముఖం కందగడ్డలా చేసుకుని.

"అంటే మీ పని మీద మీకే నమ్మకం లేదన్నమాట."

"నా పని మీద ఉంది. దారిలో పోసే పెట్రోలు మీద లేదు." ఈసారి మెల్లగా అంది. "నాకు భయంగా ఉందండీ. ఇంజెక్షన్ వద్దన్నది నేను. నా మాట మీద ఆవిడ ఒక్కరే వెళ్తున్నారు. నిద్ర పట్టలేదు."

 పదిహేను రోజులుగా అతనికీ నిద్ర లేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇంతకాలానికి మనిషి దొరికినట్టనిపించింది.

"రెండు బళ్ళైతే కనిపెట్టేస్తుంది. నా కార్లో రండి" అన్నాడు.

"మీ కార్లో నేనేదైనా పార్టు మార్చేస్తానేమో?"

"మార్చుకోండి" అన్నాడు అతను. ఆ మాటకి ఆమె ఆ శనివారం తర్వాత మొదటిసారి కాస్త నవ్వింది. పెద్దక్క బంకు దాటాక వ్యానుని అక్కడ వదిలిపెట్టి వచ్చి పక్కన కూర్చుంది.

ఒంటిగంట దాటింది. కొండ దారి మొదలైంది. ఎండ నిప్పులు కక్కుతోంది. పెద్దక్క ముందు ఒక బరువు లారీ నడకలా ఎక్కుతోంది. దాటడానికి దారి లేదు.

"ఇదే. ఇదే వద్దనుకున్నాను" అంది మెకానిక్ ముందుకి వంగి. "గాలి తగలడం లేదు, వేడి పెరుగుతుంది..."

నాలుగో మలుపులో పెద్దక్క ఒక కుదుపు కుదిపింది. ఇంకొకటి. పక్కకి ఒరిగి రాళ్ళ మీద ఆగిపోయింది.

అతను కింది మలుపులో కారు ఆపాడు. అక్కడినుంచి పైన అంతా కనపడుతోంది. స్టార్టర్ మోత వినపడింది. ఇంజన్ అందుకోలేదు. మళ్ళీ మోత.

"వద్దు టీచరుగారూ, ఇంక నొక్కకండి, బ్యాటరీ దిగిపోతుంది" అని ఆమె గొణుక్కుంది, అంత దూరానికి వినపడుతుందన్నట్టు.

అతను తలుపు తీసేశాడు. ఒక కాలు కింద పెట్టాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"వెళ్ళకండి."

"ఆమె మా అమ్మ!"

"అందుకే. ఇప్పుడు మీరు వెళ్తే, మిగతా దారంతా ఆవిడ మీ కారులోనే వెళ్ళాలి. ఇంకెప్పుడూ స్టీరింగ్ ముట్టుకోరు." ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. "మూడుసార్లు విప్పి బిగించారండీ. చూడండి. ఒక్క పది నిమిషాలు చూడండి."

అతను చూశాడు. ఇంతవరకు అతను చూసినవన్నీ తప్పులు పట్టుకోవడానికి చూసినవే. ఇలా ఊపిరి బిగబట్టి, అంతా సరిగ్గా జరగాలని ఎప్పుడూ చూడలేదు.

అమ్మ దిగింది. బానెట్ ఎత్తింది. కంగారు పడలేదు. సీసాలో నీళ్ళతో గుడ్డ తడిపి లోపల ఎక్కడో చుట్టింది. తర్వాత నీడలో ఒక రాయి చూసుకుని కూర్చుని, ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకుంది. ఒక బిస్కెట్ తింది. ఇంకొకటి కూడా తింది. లారీ ఒకటి ఆగి ఏదో అడిగితే, అక్కర్లేదని చెయ్యి ఊపింది.

"ఆగి ఉండడమే అన్నిటికన్నా కష్టమైన రిపేరని చెప్పాను. గుర్తుంచుకున్నారు" అంది మెకానిక్. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతని చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఇద్దరికీ తెలుసు. ఎవరూ తీసుకోలేదు.

పద్దెనిమిది నిమిషాలు. అతను గడియారం చూసుకోకుండా ఉండలేకపోయాడు. అమ్మ గుడ్డ తీసి పిండింది. బానెట్ దించింది. లోపల కూర్చుని డాష్‌బోర్డ్ మీద చెయ్యి చాచింది. రెండో పంపు స్విచ్. కాసేపు ఏమీ లేదు. స్టార్టర్ ఒక్కసారి మోగింది, అంతే, పెద్దక్క గొంతు కొండంతా పలికింది.

మెకానిక్ చటుక్కున అతని భుజం మీద తల ఆనించి నవ్విందో ఏడ్చిందో అతనికి తెలియలేదు. పెద్దక్క మలుపు తిరిగి, పైకెక్కి, కనుమరుగైంది.

పావుగంట తర్వాత ఫోన్ మోగింది. అతను కంగారులో స్పీకర్ నొక్కేశాడు.

"కొండ ఎక్కేశానురా" అంది అమ్మ. గొంతు గంట కొట్టినట్టుంది. "పైన ఎంత బాగుందో!"

"బండి ఎలా ఉందమ్మా? ఎక్కడైనా ఆగిందా?"

"ఎక్కడా ఆగలేదు. గడియారంలా వచ్చింది."

పక్కనున్న అమ్మాయి ఊపిరి బిగబట్టి అతని వైపు చూసింది. ఎంత పెద్ద అబద్ధాన్నైనా రెండు ప్రశ్నల్లో పట్టుకునే మనిషి. పద్దెనిమిది నిమిషాలు, నాలుగో మలుపు, రెండు బిస్కెట్లు. అన్నీ అతని నాలుక చివరే ఉన్నాయి.

"నాకు తెలుసమ్మా, ఆగదని" అన్నాడు.



"నీ ఒంట్లో బాగానే ఉందా?" అంది అమ్మ అనుమానంగా. "సరే విను. నేను తిరిగొచ్చేలోపు వెళ్ళి ఆ పిల్లకి క్షమాపణ చెప్పు. రిపోర్టులా కాదు, మనిషిలా చెప్పు. పదిహేను రోజులుగా అన్నం సరిగ్గా తినకుండా కాగితాలు చింపుతున్నావు, నాకు కనపడదనుకున్నావా? నీకు ఆ పిల్లంటే ప్రాణమని నీకు తప్ప అందరికీ తెలుసు. అలాంటి కోడలు వస్తే నా కళ్ళు చల్లబడతాయి. సరే, ఉంటాను, దారి చూసుకోవాలి."

ఫోన్ ఆగిపోయింది.  అతని చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. ఆమె కిటికీలోంచి కొండని ఎంతో శ్రద్ధగా చూస్తోంది.

అతను ఇంజన్ స్టార్ట్ చేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, కారుని వచ్చిన దారికి మళ్ళించాడు.

"ఇంకా ఏడొందల కిలోమీటర్లు ఉంది టీచరుగారికి!" అంది ఆమె ఉలిక్కిపడి.

"ఉండనివ్వండి. వెళ్తుంది." రోడ్డు మీదే చూపు నిలిపి చెప్పాడు. "మిమ్మల్ని అనుమానించాను. చాలా తప్పు చేశాను. నన్ను క్షమించండి. మీరంటే నాకు ఇష్టం. ఎప్పటినుంచంటే, మొదటి రోజు ష్ అన్నారే, అప్పటినుంచని ఇప్పుడు అనిపిస్తోంది. ఇందులో నాకు ఒక్క అనుమానం కూడా లేదు."

 రెండు మలుపులు దిగారు. మూడో మలుపు కూడా దిగారు. అతనికి చెమటలు పట్టాయి.

"అత్తయ్యగారూ" అంది ఆమె ఉన్నట్టుండి, కిటికీలోంచి బయటికి చూస్తూ. మళ్ళీ ఒకసారి, ఇంకాస్త గట్టిగా, "అత్తయ్యగారూ!"

"ఏమిటి?" అన్నాడు అయోమయంగా.

"ఇన్నాళ్ళూ టీచరుగారూ టీచరుగారూ అని అలవాటైపోయింది" అంది ఆమె. "ఆవిడ తిరిగొచ్చేలోపు నోరు తిప్పుకోవాలి కదండీ."